నానాయే గొంతు

ఇప్పుడు ఏ ఇంటి తెరైనా ఆ ఇంటివాళ్ల ఇష్టం కనిపెట్టి, సినిమాను అందుకు తగ్గట్టు మార్చేసి చూపిస్తుంది. జపాన్ మూలాలున్న నటి నానాయే వాళ్లు తాతల కాలం నుంచీ లాస్ ఏంజెలెస్‌వాళ్లే. ఆమె జపాన్ మొహమైనా చూడలేదు. కొత్త సినిమాలో సర్జన్ పాత్ర వేసింది. పదేళ్ల స్నేహితురాలు, పక్కింటి మార్తా, భోజనానికి పిలిచి ఆ సినిమా పెట్టింది. తెర మీద నానాయే వంగి వంగి దండాలు పెడుతూ వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడుతోంది.

నానాయేకి ఒళ్లు మండిపోయింది. తెర ఆపేసి, ఆ సన్నివేశమంతా తాను అసలు నటించినట్టే, తన గొంతుతో చెప్పింది.

మార్తా ఓపిగ్గా విని, "బాగానే ఉంది. కానీ నీకు తెర మీదదే నప్పింది," అంది.

"నాకు నప్పడం కాదు మార్తా, నీకు నచ్చడం," అని నానాయే ముద్ద ముట్టకుండా వచ్చేసింది.