గాడ్‌బీ వేడినీళ్లు

“సాయంత్రం లోపల ఖాళీ చెయ్యాలి. ఒక్కరు కూడా మిగలకూడదు” అన్నాడు భూముల శాఖ అధికారి రకర్, కాగితం చాచి.

అమెరికాలోని మొహావీ ఎడారిలో, గడ్డి కూడా మొలవని ఉప్పు నేల మీద ఆ ఆరోగ్య కేంద్రాన్ని ముప్పై ఏళ్ల కిందట కట్టినవాడు థర్మన్ గాడ్‌బీ. ఆయన కాగితం చదవలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. వరండాలో గుమిగూడిన రోగులే ఊరుకోలేదు.

“రేడియోలో డాక్టరు గారి మాట విని మంచం పట్టినవాళ్లు లేచి ఇక్కడికొచ్చారు. ఆయన్నే గెంటేస్తారా?” అని అరిచాడు పర్డీ. గుండెజబ్బు మనిషి. ఆ కాస్తకే ఆయాసం వచ్చి స్తంభం పట్టుకున్నాడు.

“ఈ నేలకి పట్టా ఉందా?” అన్నాడు రకర్.

“లేదు” అన్నాడు గాడ్‌బీ.

ఇంతలో రకర్ మనిషి ఒకడు పరుగున వచ్చాడు. “సార్, ఒకావిడ వేడినీళ్ల తొట్టిలోంచి రానంటోంది.”

తొట్టిలో ఉన్న వెర్నాకి చక్కెర జబ్బు. ఎడమ పాదం చీలమండ దాకా నల్లబడింది. దగ్గరికి వెళ్లగానే రకర్ ముక్కు మూసుకున్నాడు.

గాడ్‌బీ తొట్టి గట్టు మీద మోకాళ్లూనాడు. “వెర్నా, బతిమాలుకుంటున్నా. ఆస్పత్రికి వెళ్లమ్మా.”

“ఈ నెలలో మీరిలా అనడం నాలుగోసారి. నా నమ్మకాన్ని పరీక్షిస్తున్నారని నాకు తెలీదా?”

“నేను డాక్టర్ని కాను. ఏ కాలేజీ గడపా తొక్కలేదు. ఇది వేడినీటి ఊట కూడా కాదు, బావినీళ్లు. వెనకాల బాయిలర్ పెట్టి కాస్తాం. రోజూ నీకిచ్చే మందు వట్టి క్యారెట్ రసం.”

వెర్నా భోరుమంది. “చూశారా!” అంది రకర్ వైపు తిరిగి. “దేవుడిలాంటి మనిషిని బెదిరించి ఎన్ని అబద్ధాలు చెప్పిస్తున్నారో!”

“సిగ్గు లేదూ మీకు?” అన్నారు వెంట వచ్చినవాళ్లంతా.

వేలమందిని కదిలించిన గొంతు గాడ్‌బీది. ఒక్క మనిషిని నీళ్లలోంచి కదిలించలేకపోయింది.

చివరికి రకర్ మనుషులిద్దరు కలిసి ఆమెను ఎత్తుకున్నారు. ఆమె రక్కింది, కొట్టింది. “డాక్టరు గారూ, వదలమని చెప్పండి!” అని దారి పొడుగునా అరిచింది. గాడ్‌బీ ఆమె పక్కనే నడిచాడు. రకర్ వెంట తెచ్చిన ఆంబులెన్స్ తలుపు తన చేతులతోనే మూశాడు.

బండి దుమ్ము రేపుకుంటూ వెళ్లాక రకర్ గొంతు తగ్గించాడు.

“ఈ ఉప్పు నేలతో మాకేం పని చెప్పండి? ఇన్నేళ్లూ ఎవరూ ఇటు తొంగి చూడలేదు. పోయిన వారం ఎవరో సంతకం లేకుండా ఉత్తరం రాశారు, ఆక్రమణ అని. మీరంటే గిట్టనివాళ్లెవరైనా ఉన్నారా?”

గాడ్‌బీ వరండా వైపు చూశాడు. పర్డీ ఇంకా స్తంభం వదల్లేదు. అతని పెదాలు నీలంగా ఉన్నాయి.

“రెండు ఆంబులెన్సులు తెమ్మని రాశాను కదయ్యా, ఒకటే తెచ్చారేం?”