పిడికెడు పొట్టు

"ఇంత మైదా కలిపితే చిక్కబడదా?" అంది కుళ్ళాయమ్మ.

"మైదా నీళ్ళకు ఉబ్బుతాది. మెత్తని రంపప్పొట్టు కావాల."

గట్టిపడే మందు కలిపిన రెసిన్ జిగురును వీరభద్రయ్య పుల్లతో ఎత్తి చూశాడు. పడుగుకు పూసే గంజిలా జారిపోతోంది. చేపల కోసం తానే కట్టుకుంటున్న పడవ అతుకుల్లో అది నిలవదు.

ఆమె చేటలో పొట్టు తెచ్చింది. అతను నలిపి చూసి ముచ్చటపడ్డాడు.

"టేకు పొట్టు. యాడిది మే?"

"మన మగ్గానిది. నిన్న నువ్వు లేనప్పుడు పొయ్యిలోకని సామిల్లులో కోయిస్తిని."

"చేపలు పడకుంటే మళ్ళీ మగ్గమెక్కుదామనుకుంటినే."

"ఏడాదిగా దానిమీద సాలెపురుగు తప్ప ఎవురు నేసినారు?"

డబ్బాలో రెసిన్ అప్పుడే వేడెక్కుతోంది. ఇంకాసేపు ఆగితే గట్టిపడిపోతుంది.

వీరభద్రయ్య మగ్గాన్ని పిడికెడు పిడికెడుగా అందులో కలిపాడు.