ఇరుకు కాజా

"నెల తప్పి మూడు నెలలైంది. ఇంకా అనుమానమేంటి, డాక్టరమ్మా?" అత్తగారి మొహం వెలిగిపోతోంది.

బట్టలు కుట్టే కోడలు స్కానింగ్ తెర వైపు చూడలేక తల దించుకుంది. క్యాన్సరొచ్చి గర్భసంచి ముఖద్వారం తీసేసి ఏడాదైంది. పిల్లల కోసం సంచిని ఉంచారు. ఇప్పుడు నెలనెలా నొప్పి మెలిపెడుతోంది గానీ బహిష్టు రావడం లేదు. జబ్బు తిరగబెట్టిందేమోనన్న భయంతో నొప్పి సంగతి ఎవరికీ చెప్పలేదు.

"గర్భం కాదు," అంది డాక్టరు. "జబ్బూ లేదు. ఆపరేషన్లో కుట్టు వేసినచోట దారి బిగుసుకుపోయి రక్తం లోపలే ఆగిపోతోంది."

"బొత్తాం కాజా ఇరుకైపోయిందన్నమాట!" కోడలికి ఊపిరాడింది.

"అంతే. తెరిస్తే నొప్పీ పోతుంది, పిల్లల ఆశా నిలుస్తుంది."

అత్తగారి చూపు కోడలి కడుపు మీంచి మొదటిసారి మొహం మీదికి వచ్చింది.

"ఈ నొప్పితోనే మూడు నెలలూ మిషను తొక్కావా, అమ్మాయ్?"