రెండో చట్రం

జబ్బు అంటుకుందని తేలాక దర్జీ అక్క తన కుట్టు కొట్టు వెనక గదిలో ఒంటరిగా ఉండిపోయింది. గడప దాటలేదని రుజువుగా రోజూ రాత్రి, ఆరోగ్యశాఖ వాళ్లు యాప్ పెట్టిన ఫోన్‌కి ముఖం చూపించాలి. ఫోన్ ఆ ముఖం చుట్టూ పచ్చని చట్రం గీసి, "ధన్యవాదాలు, మీరు గదిలోనే ఉన్నారు" అనేది. పలకరించే దిక్కు లేని రోజుల్లో ఆ మాటే ఆమెకు పదివేలు.

ఆ రాత్రి ఒళ్లు పెనంలా కాలిపోతోంది. ఫోన్ రెండు చట్రాలు గీసింది. రెండోది వెనక మూల, గౌన్లు తొడిగి చూసే బొమ్మ మీద. ఆ బొమ్మకు తల లేదు. చట్రం మాత్రం మెడకు పైన, తల ఉండాల్సిన చోట నిలిచింది.

"ధన్యవాదాలు, మీరిద్దరూ గదిలోనే ఉన్నారు."

లేవబోయింది. కళ్లు మూతలు పడ్డాయి.

మెలకువ వచ్చేసరికి నుదుటి మీద చల్లని తడిగుడ్డ ఉంది. తలుపుకి లోపల వేసిన గొళ్లెం వేసినట్టే ఉంది. ఫోన్ ఎత్తింది. రెండో చట్రం ఇప్పుడు బొమ్మ దగ్గర లేదు, ఆమె భుజం పక్కనే ఉంది.

అక్క వెనక్కి తిరగలేదు. చేతులు జోడించింది.

"నువ్వెవరివో గానీ తల్లీ, అయినవాళ్లే గుమ్మం తొక్కని వేళ నా పక్కన కూర్చున్నావు. చల్లగా ఉండు."

నుదుటి మీద గుడ్డ వేడెక్కింది. ఎవరో దాన్ని నెమ్మదిగా తిరగేశారు.