అలవాటయ్యేదాకా

“అయ్యో, అలా కుమ్మరించకు! ఒక్కసారిగా మారిస్తే దాని కడుపు పాడవుతుంది.”

వంటింట్లో ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చేతిలో కుక్కపిల్లల తిండి సంచి. అల్లాటప్పా సంచి కాదు, ఖరీదైనది. దానిమీద పెళ్ళికొడుకులా నిగనిగలాడే కుక్క బొమ్మ. పొద్దున్నే ఆయనే తెచ్చాడు.

ఆమె ఆగింది కుక్కపిల్ల కడుపు గురించి కాదు. మొగుడు మాట్లాడాడు! గోడతో కాదు, ఫ్రిజ్‌తో కాదు, నేరుగా తనతో.

ఆ ఇంట్లో మాటలు ఆగిపోయి నెలలు గడిచాయి. దెబ్బలాట దేని గురించో ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు. పంతం మాత్రం ఇద్దరికీ బాగా గుర్తుంది. ఆయన పడక హాల్లో సోఫా మీదికి మారింది. పడగ్గదిలో ఆమె కుట్టుమిషనూ, కర్టెన్ల గుడ్డలూ మిగిలాయి.

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆమధ్య ఏదో అపార్టుమెంటులో లిఫ్టు కింది గుంతలో కుయ్యో కుయ్యోమంటున్న కుక్కపిల్లని పనిముట్ల సంచిలో వేసుకుని తెచ్చాడు. నేలమీద దింపి, “కాసిని పాలుంటే బాగుండు” అన్నాడు ఫ్రిజ్‌తో. ఆమె పోసింది. బుడ్డి అని పేరు కూడా పెట్టింది.

ఆనాటి నుంచి రాయబారాలన్నీ బుడ్డి ద్వారానే.

“బుడ్డీ, అన్నం చల్లారిపోతోందని మీ నాన్నకి చెప్పవే.”

“బుడ్డీ, ఆకలిగా లేదని చెప్పు.”

అది పాపం ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి తోకాడించేది.

పాలూ బ్రెడ్డూ తిని ప్రాణం నిలుపుకుంది గానీ దానికి ఒళ్ళు పట్టలేదు. ఎముకలు లెక్కపెట్టేలా ఉండేది. అందుకే ఈ మంచి తిండి. ఆయన సంచి అందుకుని, నేలమీద గొంతుకూర్చుని చూపించాడు.

“ముందు నీ పాలూ బ్రెడ్డే ఎక్కువ వెయ్యి. ఇది పిసరంత కలుపు. పడుతోందనుకుంటే ఇది పెంచుకుంటూ, అది తగ్గించుకుంటూ పోవాలి. దానికే తెలియకుండా మారిపోవాలి.”

“మీకెవరు చెప్పారు?”

“తెలిసినవాళ్ళు.”

ఇక అక్కణ్ణుంచి రోజూ అదే కబురు. ఆయన నిద్రలేస్తూనే వచ్చి అడిగేవాడు.

“ఎలా పోయింది?”

“కొంచెం పల్చగా.”

“అయితే ఇవాళ పెంచొద్దు.”

కాపురం మళ్ళీ చిగురు వేసింది దేనిమీదో చూడండి! నవ్వొస్తే నవ్వుకోండి. ఆమె కూడా నవ్వుకుంది, మిషను తొక్కుకుంటూ.

ఆయన పెందరాళే ఇంటికి రావడం మొదలుపెట్టాడు. “నువ్వు కుట్టుపని చూసుకో, నేను కలుపుతాలే” అనేవాడు. ఒకరోజు భోజనాల దగ్గర, “కూర బాగుంది” అన్నాడు. ఆమెకి ఆ పూట అన్నం తినకుండానే కడుపు నిండిపోయింది.

అక్కకి ఫోన్ చేసింది. “ఆయన మారుతున్నారక్కా.”

“కుక్కకి తిండి మారిస్తే మొగుడు మారతాడా, నీ మొహం! నోరు తెరిచి నువ్వే ఒక మాట అడుగు. ఇంకా ఎన్నాళ్ళే ఈ మూగనోము?”

“వద్దక్కా. తొందరపడితే మొదటికే మోసం. మెల్లగా కానీ.”

మధ్యలో ఒకసారి బుడ్డి కక్కుకుంది. ఆయన పనికి సెలవు పెట్టాడు. పాత తువ్వాల్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, చెంచాతో నీళ్ళు పట్టాడు. “ఏమ్మా, తొందరపెట్టానా? నాదే తప్పు” అని దాని చెవులు నిమిరాడు. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. నోరులేని దానిమీదే ఇంత జాలి ఉన్నవాడు కట్టుకున్నదాన్ని వదిలేస్తాడా అనుకుంది. మళ్ళీ తన కాపురం తనకి దక్కితే చాలు, ఆమెకి ఇంకేమీ అక్కర్లేదు.

బుడ్డి కోలుకుంది. బొచ్చు మెరిసింది. పొట్ట గుండ్రంగా తేలింది. చివరికి పాలూ బ్రెడ్డూ పూర్తిగా ఆగిపోయాయి. గిన్నెడు కొత్త తిండి కరకరలాడించి, మూతి నాక్కుని, ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతోంది. ఆయన స్వయంగా గిన్నె కడిగి బోర్లించాడు.

“హమ్మయ్య! ఇక భయంలేదు” అని నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

ఆయన పనికి వెళ్ళగానే ఆమె కర్టెన్ల గుడ్డలన్నీ మూటగట్టి అటకెక్కించింది. మిషను మూలకి జరిపింది. తను కుట్టిన కొత్త దుప్పటి పరిచింది. సోఫా మీది దిండు తెచ్చి మంచం మీద తన దిండు పక్కన పెట్టింది. పెట్టి, సిగ్గేసి, కాస్త ఎడంగా జరిపింది.

సాయంత్రం ఆయన వచ్చాడు. సోఫా దగ్గర ఆగకుండా తిన్నగా పడగ్గదిలోకే వచ్చాడు. ఆమె దుప్పటి అంచు సరిచేసింది.

దిండు వంక చూడనైనా చూడలేదు. బీరువా తెరిచి, చొక్కాలు తీసి సూట్‌కేసులో సర్దుకున్నాడు. వంటింట్లోంచి తిండి సంచి తెచ్చి, మూతి బిగించి కట్టాడు. బుడ్డిని చంకనెత్తుకున్నాడు.

“ఎక్కడికండీ?”

“వెళ్ళిపోతున్నాను. ఇక రాను.”

“అదేమిటి? అంతా బాగుపడుతోందనే కదా నేను... మనసులో ఇదే ఉంటే ఇన్నాళ్ళూ ఆ పెందరాళే రావడాలేమిటి, ఆ మాటలేమిటి?”

ఆయన విసుక్కోలేదు. తిండి కలపడం చూపించిన రోజున ఎంత ఓపిగ్గా చెప్పాడో అంత ఓపిగ్గానూ చెప్పాడు.

“నేనిక ఉండబోయే ఆవిడ ఇంట్లో కుక్కలు తినేది ఈ తిండే, ఒక్కసారిగా మారిస్తే బుడ్డి తట్టుకోలేదని ఆగాను గానీ, లేకపోతే ఎప్పుడో వెళ్ళిపోయేవాణ్ణి.”