ముగ్గురు పట్టే స్టీరింగు

“మీ కారుకి ఏ జబ్బూ లేదండీ. నిక్షేపంలా ఉంది” అంటూ కంపెనీ ఇంజనీరు భావనారాయణ తాళంచెవి ఇవ్వబోయాడు.

జగన్నాధం చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తాళంచెవి అందుకుంటే ఒప్పుకున్నట్టే కదా! తన కారు తయారైన ఏడాది వచ్చిన కార్లన్నిటిలో స్టీరింగు పెట్టె లోపంగా ఉందనీ, ఊరికే మార్చి ఇస్తామనీ కంపెనీవాళ్లే చెప్పారు. కాకపోతే మలుపులో అది బిగుసుకుపోవడం వాళ్ల ఇంజనీరు కళ్లారా చూడాలిట. అందుకే భావనారాయణ విశాఖపట్నం నుంచి కొత్త పెట్టె జీపులో వేసుకుని, ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పొద్దుట్నుంచీ ఆమదాలవలసలో తిరగని వీధి లేదు. రోజూ బిగిసి చచ్చే ఆ దిక్కుమాలిన కారు ఇవాళ మాత్రం కొత్తకోడలిలా ఒద్దికగా, ఎటు తిప్పితే అటు తిరిగింది.

“నాను సెప్పలేదేటి బావా?” అన్నాడు జగన్నాధం బావమరిది నరసింగరావు. “బండి బంగారం. తిప్పడం నీకు రాదు. రాదని ఒప్పేసుకుంటే ఏటైపోద్ది?”

రైసుమిల్లు గేటు దగ్గర మూగిన జనం కిసుక్కుమన్నారు. మిల్లు ఓనరు జగన్నాధానికి ఒళ్లు మండిపోయింది. గురమ్మ ఎండుచేపల గంపల మీదికెక్కిందీ, సోములు టీకొట్టు పొయ్యి ఆర్పిందీ బండే గాని తాను కాదని ఈ ఊరికి రుజువు కావాలి. శ్రీకాకుళంలో రెండుసార్లు విప్పి బిగించినా వారం తిరక్కుండా మళ్లీ అదే వరస. ఊరు మాత్రం బండిని పల్లెత్తు మాట అనదు.

“బాబూ, ఒక్క తిరుగుడు తిరుగుదుం రండి. మా అమ్మా, మా ఆడదీ కూడా ఎక్కితేనే దానికి జబ్బొస్తాది.”

“ఆడవాళ్లెందుకండీ?”

“తిప్పడానికి బాబూ.”

ఇంజనీరుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఎక్కి స్టీరింగు ముందు కూచున్నాడు. పక్కన జగన్నాధం. వెనక సీట్లో తల్లి దాలమ్మా, భార్య పద్మకుమారీ చెంగులు నడుముకి బిగించి, యుద్ధానికి వెళ్తున్నట్టు సర్దుకున్నారు.

“అదుగో, ఆడోళ్లు తిప్పితే గాని మా బావ బండి తిరగదు!” అని నరసింగరావు వెనకనించి అరిచాడు. జగన్నాధం పళ్లు కొరికాడు.

సంత మలుపు దగ్గర ఇంజనీరు మొహం పాలిపోయింది.

“అయ్యో, తిరగట్లేదండీ!”

“తిరగట్లేదా? నిజవేనా? మళ్లీ సెప్పండి బాబూ!” జగన్నాధానికి ఆనందంతో కళ్లు చెమర్చాయి.

“చెప్పడమేమిటండీ, ఎదురుగా ధాన్యం బండి వస్తోంది!”

“పట్టండి!” అని కేక పెట్టాడు జగన్నాధం.

ఆ కేకతో వెనకనించి నాలుగు చేతులు వచ్చి స్టీరింగు మీద పడ్డాయి. జగన్నాధం చేతులు వాటితో కలిశాయి. ముగ్గురూ రథం తాడు లాగినట్టు “హైలెస్సా!” అంటూ గుంజారు. ఆ చేతుల కింద ఇంజనీరు ఎక్కడున్నాడో కనబడలేదు. కారు మూలుగుతూ తిరిగి, ఎద్దుల్ని జానెడులో తప్పించుకుని, గడ్డికుప్పలో దూరి ఆగింది.

“మీరు... రోజూ ఇలాగే వెళ్తారా?” అన్నాడు ఇంజనీరు, జుట్టులోంచి గడ్డిపరకలు తీసుకుంటూ.

“కోటబొమ్మాళి దాకా ఎల్లి వస్తే మాత్రం జబ్బలు పీకేస్తాయి బాబూ” అంది దాలమ్మ.

ఇంజనీరు కారుని మిల్లుకి తోయించి, జీపులోంచి కొత్త పెట్టె దింపించాడు. సాయంత్రానికల్లా అతని మనుషులు కొత్త పెట్టె బిగించేశారు. జగన్నాధం ఒక్క వేలితో స్టీరింగు తిప్పి చూశాడు. వెన్నలో తిరిగినట్టు తిరిగింది.

“తప్పు బండిదే” అని ఇంజనీరు అందరికీ వినబడేలా చెప్పాడు. నరసింగరావు చేతులు జోడించాడు.

“ఒప్పుకుంతన్నాను బావా. ఇన్నాళ్లూ నిన్ను ఊరికే ఆడిపోసుకున్నాను.”

జగన్నాధానికి కడుపు నిండిపోయింది. కొబ్బరికాయ కొట్టించాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. జనమంతా చూస్తూ ఉండగా తల్లినీ భార్యనీ మళ్లీ వెనక సీట్లో ఎక్కించి, తాను స్టీరింగు ముందు కూచున్నాడు.

“ఈసారి మీరు సేతులు ఒళ్లో పెట్టుకుని కూకోండి. మారాణుల్లాగ” అన్నాడు.

నిమ్మకాయలు చితికాయి. కారు హుందాగా కదిలింది. మిల్లు ఎదుట, కాలవ గట్టు మీద మలుపు వచ్చింది. ఏడాది అలవాటు, నోరు ఊరుకోలేదు.

“పట్టండి!”

ఒళ్లో చేతులు ఒళ్లో ఉంటాయా? ఒక్క వేలికి తిరిగే స్టీరింగుని ముగ్గురూ పట్టి ఉన్న బలమంతా పెట్టి గుంజారు. కారు గిర్రున తిరిగి, ముక్కు కిందికి పెట్టి కాలవలోకి దిగిపోయింది.

ఇంజనీరు పంట్లాం పైకి మడుచుకుని నీళ్లలోకి పరుగెత్తుకొచ్చాడు. ఎవరికీ దెబ్బలు తగల్లేదని చూసుకుని, కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు ఇటూ అటూ తిప్పాడు.

“కొత్త పెట్టె లక్షణంగా ఉందండీ! బండికి ఏ లోపమూ లేదు!” అని గట్టు మీదికి వినబడేలా ప్రకటించాడు.

“ఇప్పుడేటంటావు బావా?” అని నరసింగరావు గట్టు మీంచి అరిచాడు. అతని వెనక ఊరు ఊరంతా నిలబడి జవాబు కోసం చూస్తోంది.

మోకాలిలోతు నీళ్లలో దిగిన జగన్నాధం ఆ జనాన్ని ఒకసారి చూశాడు, కారుని ఒకసారి చూశాడు. తర్వాత ఇంజనీరు చెవి దగ్గరికి వంగి మెల్లిగా అడిగాడు:

“బాబూ, ఆ పాత పెట్టె పారెయ్యలేదు గదా?”