పేలుడుకు ముందు లైటు

తప్పు నా కొడుకు తాతబాబుదే. కిరందుల్ ఇనుప గని క్వార్టరులో లైట్లు, ఫ్యాన్లు, నీళ్ల మోటారు వేళకు వాటంతటవే నడిచేలా ఫోన్లో ఏర్పాట్లు పెట్టింది వాడే. మొన్న సెలవుకు వచ్చి ఆ ముప్ఫై ఏర్పాట్లనూ ఆరుకు కుదించాడు.

"ఇప్పుడు సులువైపోయిందే అమ్మా. కరెంటూ కలిసొస్తాది."

గనిలో రోజూ రెండింటికి కొండను పేలుస్తారు. దానికి కాస్త ముందు మా గదిలో లైటు మూడుసార్లు ఆరి వెలిగేది. మర్నాడు వెలగలేదు. గోడలు అదిరాయి.

"ఆ లైటేటి చేశావురా?"

"తీసేశాను. నాన్నకి చెవుడని, పేలుడు సంగతి ముందే తెలియాలని నువ్వే కదేటే పెట్టమన్నావు? నాన్న పోయి మూడు నెలలైంది. ఇంకెవరికది?"

"తిరిగి పెట్టు. లేపోతే నీ ఫోను పొయ్యిలో పెడతాను."

వాడు నవ్వాడు.

వినపడని మనిషికి పేలుడంటే భయమేమిటి? భయం నాది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఉంది, కన్నకొడుక్కి కూడా చెప్పుకోలేదు. ఆ లైటు చూడగానే ఆయన చేతిలో పని వదిలేసి వచ్చి, గోడలు అదరడం ఆగేదాకా నా చెయ్యి పట్టుకుని కూర్చునేవాడు.